“కొంచెం చూడు” అంటే ఏం చేయాలి? ఆఫీసులో, కస్టమర్ కేర్‌లో అందరికీ అర్థమయ్యేలా చెప్పడం

 

ఈ ఎపిసోడ్ నేను చేసిన రెండు తప్పుల గురించి. ఒకటి టీమ్ లీడ్‌గా చేసింది, ఇంకోటి కోడ్ రాస్తూ చేసింది. రెండిట్లోనూ నేను కావాలని ఎవరికీ చెడు చేయలేదు. కానీ మొదటి దాని వల్ల ఒక మంచి కుర్రాడి రేటింగ్ పోయింది, కొన్నాళ్ళకి ఉద్యోగమే వదిలేశాడు. రెండో దాని వల్ల ఒకావిడ ఇంటికి పంపాల్సిన డబ్బు ఒక రోజంతా ఆగిపోయింది.

రెండిటికీ కారణం ఒక్కటే. నేను చెప్పే పద్ధతి నాలాంటి బుర్ర ఉన్నవాళ్ళకి మాత్రమే అర్థమయ్యేలా ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

సరే, మొదట్నుంచి చెప్తాను.

“చూశానన్నా”

మూడేళ్ళ క్రితం సంగతి. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాను. అప్పుడే కొత్తగా నా కింద ఇద్దరు జూనియర్లని ఇచ్చారు. అందులో ఒకబ్బాయి చాలా నెమ్మది. ఎక్కువ మాట్లాడడు, లంచ్‌కి అందరితో రాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు. కోడ్ మాత్రం శుభ్రంగా రాస్తాడు. తన కథ తన అనుమతితోనే చెప్తున్నాను, తనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఒక గురువారం పొద్దున మీటింగ్‌లో తనతో అన్నాను: “ఆ పేమెంట్ స్క్రీన్ ఇష్యూ కొంచెం చూడు రా.”

శుక్రవారం సాయంత్రం అడిగాను: “చూశావా?”

“చూశానన్నా.”

నేను హ్యాపీగా ఇంటికెళ్ళిపోయాను. సోమవారం క్లయింట్‌కి డెమో. సరిగ్గా ఆ స్క్రీన్ దగ్గరే అందరి ముందు యాప్ ఆగిపోయింది.

డెమో అయ్యాక పిలిచి అడిగాను, “చూశానన్నావు కదరా?” అని. “చూశానన్నా. ఆ నంబర్ ఫీల్డ్‌లో ఖాళీ వదిలేస్తే చెక్ చేసే కోడ్ లేదు. అందుకే ఆగిపోతోంది” అన్నాడు. చూశాడండి. నిజంగానే చూశాడు. కారణం కూడా కనిపెట్టాడు. కానీ సరిచేయమని నేను చెప్పలేదు, సోమవారం లోపు కావాలనీ చెప్పలేదు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? వెటకారంగా “చాలా బాగా చూశావ్ రా, సూపర్” అన్నాను. వాడు “థాంక్స్ అన్నా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. వాడికి ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. కానీ తనని చూసే నవ్వుతున్నామని మాత్రం అర్థమైంది.

ఆర్నెల్ల రివ్యూలో నేను రాసిన ఒక వాక్యం: “కమ్యూనికేషన్ ఇంప్రూవ్ అవ్వాలి.” దాంతో రేటింగ్ తగ్గింది. ఆ తర్వాత నాలుగు నెలలకి రిజైన్ చేశాడు.

ఆఖరి రోజు రాత్రి నాకు ఒక మెసేజ్ పెట్టాడు. సారాంశం ఇది: “అన్నా, నాకు ఆటిజం ఉందని ఇంటర్ అయ్యాక తెలిసింది. ఇంటర్వ్యూలో చెప్తే ఉద్యోగం రాదేమోనని చెప్పలేదు. మిమ్మల్ని ఒక్కటే అడుగుదామనుకున్నాను. ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో ఒక లైన్ రాసిస్తే చాలు అని. కానీ అది అడిగితే ‘ఇంత చిన్న విషయం కూడా తెలీదా’ అంటారేమోనని ఆగిపోయాను.”

ఒక లైన్. వాడికి కావాల్సింది అంతే.

న్యూరోడైవర్జెంట్ అంటే ఎవరు?

ఈ మాట ఇప్పుడు రీల్స్‌లో బాగా వినిపిస్తోంది కాబట్టి క్లియర్‌గా మాట్లాడుకుందాం. మనుషుల శరీరాలు ఒకేలా లేనట్టే మెదళ్ళు కూడా ఒకేలా పనిచేయవు. ఈ తేడాని ‘న్యూరోడైవర్సిటీ’ అనడం 1990ల చివర్లో మొదలైంది. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఒకరినొకరు కలుసుకున్న ఆటిజం ఉన్నవాళ్ళ చర్చల్లోంచే ఈ ఆలోచన బయటికొచ్చింది. ఎక్కువమంది మెదడు పనిచేసే తీరుకి భిన్నంగా ఎవరి మెదడు పనిచేస్తుందో వాళ్ళని న్యూరోడైవర్జెంట్ అంటున్నాం. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, డిస్కాల్క్యులియా, డిస్‌ప్రాక్సియా, టూరెట్ సిండ్రోమ్ ఇవన్నీ దీని కిందికి వస్తాయి.

డిస్లెక్సియా అంటే మనలో చాలామందికి 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ గుర్తొస్తుంది. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఏమవుతాడు? మనలాగే ఉద్యోగంలో చేరతాడు. బ్యాంక్ యాప్ వాడతాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాడు. పెద్దయ్యాక డిస్లెక్సియా పోదు. మనం అటువైపు చూడడం మానేస్తాం, అంతే.

మాట్లాడుకోవడంలో ఒక్కొక్కరికి ఒక్కో చోట ఇబ్బంది ఉంటుంది. ఆటిజం ఉన్న చాలామంది మాటని మాటగా తీసుకుంటారు. సూచనగా, చాటుగా చెప్పినది అందకపోవచ్చు. పది మంది ఒకేసారి మాట్లాడే గదిలో ఆ శబ్దానికే శక్తి అయిపోతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి నోటితో గబగబా చెప్పిన ఐదు పనుల్లో మూడోది జారిపోవచ్చు. అది నిర్లక్ష్యం కాదు. విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచుకునే జ్ఞాపకం మీద భారం ఎక్కువైపోయిందని అర్థం. డిస్లెక్సియా ఉన్నవాళ్ళకి విషయం అర్థమవుతుంది, కానీ చదవడానికి ఎక్కువ టైమ్, ఎక్కువ శ్రమ పడుతుంది. డిస్కాల్క్యులియా ఉంటే అంకెలతో తిప్పలు.

ఇక్కడొక జాగ్రత్త. ఒకే పేరున్న ఇద్దరు ఒకేలా ఉండరు. నేను చెప్పినవి చూసి పక్క సీటు వాళ్ళకి రోగనిర్ధారణ మొదలుపెట్టకండి ప్లీజ్. మనకి ఆ అవసరం లేదు, ఆ హక్కూ లేదు.

తప్పు ఒక్కవైపే ఉందా?

నేను “కమ్యూనికేషన్ ఇంప్రూవ్ అవ్వాలి” అని రాశాను కదా. ఎవరి కమ్యూనికేషన్?

2012లో డామియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త ఒక వాదన పెట్టారు. ఆయనకి కూడా ఆటిజం ఉంది. దాని పేరు ‘డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్’. ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు అర్థం కారని అందరూ అంటుంటారు, మరి ఎదుటివాళ్ళకి వీళ్ళు అర్థమవుతున్నారా అని ఆయన అడిగారు. ఇద్దరి మధ్య గోడ ఉంటే ఆ గోడకి రెండు వైపులుంటాయి. ఒకవైపు వాళ్ళనే ఎక్కమంటున్నాం.

దీన్ని పరీక్షించడానికి ఎడిన్‌బరా యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు, 2020లో ప్రచురించారు. చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకుంటూ పోయే ఆట ఆడేవాళ్ళం కదా, అలాంటిదే. ఒకరికి కథ చెప్తారు, వాళ్ళు తర్వాతివాళ్ళకి, అలా ఎనిమిది మంది. కొన్ని వరసల్లో అందరూ ఆటిజం ఉన్నవాళ్ళు, కొన్నిట్లో అందరూ లేనివాళ్ళు, కొన్నిట్లో కలిపి. మొదటి రెండు రకాల వరసల్లో కథ దాదాపు ఒకేలా నిలబడింది. కలిపిన వరసల్లో ఎక్కువ వివరాలు పోయాయి.

ఇక్కడితో ఆపేస్తే వీడియోకి మంచి క్లిప్ అవుతుంది, కానీ మిగతాది కూడా చెప్పాలి. ఇంకా ఎక్కువమందితో మళ్ళీ చేసిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. ఈసారి కలిపిన వరసలు కూడా వెనకబడలేదు. అంటే కలిస్తే కచ్చితంగా గందరగోళమే అనడానికి లేదు. కానీ రెండుసార్లూ మారని విషయం ఒకటుంది. ఆటిజం ఉన్నవాళ్ళు సమాచారం చేరవేయడంలో మిగతావాళ్ళకి తీసిపోలేదు.

ఇంకోటి గమనించండి. ఆ ఆటలో ఏం చేయాలో ముందే స్పష్టంగా చెప్పారు. కథ విను, పక్కవాళ్ళకి చెప్పు. ఆఫీసులో మనం అలా చెప్పం. ఊహించుకోమంటాం. సరిగ్గా ఊహించినవాళ్ళకి ‘గుడ్ కమ్యూనికేషన్’ అని మార్కులు వేస్తాం.

మన తెలుగులో ఈ ఊహించుకునే పని ఇంకా ఎక్కువ. “చూద్దాం లే” అంటే చాలాసార్లు కాదని అర్థం. లీవ్ అడిగితే మేనేజర్ “నీ ఇష్టం” అన్నాడంటే అది మన ఇష్టం కాదని మనకి తెలుసు. “రెండు నిమిషాల్లో వస్తా” అంటే ఎంతసేపో చెప్పినవాళ్ళకే తెలీదు. బుధవారం రోజు “వచ్చే శనివారం” అంటే మూడు రోజుల్లోనా, పది రోజుల్లోనా? ఇంట్లో, ఫ్రెండ్స్ మధ్య ఇదంతా సరదాగానే ఉంటుంది. కానీ జీతం, రేటింగ్, డెడ్‌లైన్ ముడిపడ్డ చోట ఇలా మాట్లాడి, అర్థం కానివాళ్ళని తప్పుపట్టడం అన్యాయం.

ఆఫీసులో ఏం మార్చాలి?

నేను ఆ తర్వాత మార్చుకున్నవి చెప్తాను. వీటికి బడ్జెట్ అక్కర్లేదు, హెచ్ఆర్ అనుమతి అక్కర్లేదు.

మొదటిది, పని చెప్పే మెసేజ్. పాతది: “ఆ పేమెంట్ స్క్రీన్ ఇష్యూ కొంచెం చూడు.” కొత్తది ఇలా ఉంటుంది:

“పేమెంట్ స్క్రీన్‌లో నంబర్ ఖాళీగా వదిలి బటన్ నొక్కితే యాప్ ఆగిపోతోంది. దాన్ని సరిచేసి శుక్రవారం సాయంత్రం 5 లోపు టెస్టింగ్‌కి ఇవ్వాలి. సోమవారం డెమోలో ఇది చూపిస్తాం, కాబట్టి రిపోర్ట్స్ పని కంటే ఇదే ముందు. గురువారం రాత్రికి కారణం దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు.”

ఏం చేయాలి, ఎప్పటికి, ఎందుకు, ఏది ముందు, ఇరుక్కుంటే ఎవర్ని అడగాలి. అన్నీ ఉన్నాయి. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. “అందరికీ ఇలా రాస్తూ కూర్చుంటే టైమెక్కడిది బ్రో” అని అడుగుతారని తెలుసు. ఆ సోమవారం డెమో తర్వాత క్లయింట్‌కి సారీ చెప్పడానికి మాకు మూడు మీటింగులు పట్టాయి.

రెండోది, “హాయ్” అని పెట్టి ఆగిపోకండి. ఇంకా ఘోరమైనది: “ఫ్రీ ఉన్నప్పుడు ఒక కాల్ చేయి, మాట్లాడాలి.” అది చదివాక అవతలి మనిషి ఉద్యోగం పోయిందేమో అన్నంత దూరం ఆలోచిస్తాడు. ఆందోళన ఎక్కువగా ఉండేవాళ్ళకి ఆ రోజు పని అక్కడితో సరి. దాని బదులు: “రేపటి రిలీజ్‌లో టెస్టింగ్ ఎవరు చేస్తారో అడగాలి. పది నిమిషాల కాల్. కంగారేం లేదు.” అంతే కదా.

మూడోది, మీటింగులు. ఏం మాట్లాడతామో ముందు రోజే మూడు లైన్లు పంపండి. అయ్యాక ఎవరు ఏ పని తీసుకున్నారో రాసి పెట్టండి. కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకండి. కళ్ళలోకి చూస్తూ వినడం కొందరికి వినడాన్నే కష్టం చేస్తుంది. అటు చూస్తున్నాడంటే వినట్లేదని కాదు. మీటింగ్‌లో మాట్లాడలేకపోయినవాళ్ళకి తర్వాత రాసి పంపే అవకాశం ఇవ్వండి. మా టీమ్‌లో ఇది పెట్టాక, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళ దగ్గర్నుంచి కూడా మంచి పాయింట్లు వచ్చాయి.

నాలుగోది, ఫీడ్‌బ్యాక్. “కమ్యూనికేషన్ ఇంప్రూవ్ అవ్వాలి” అన్న నా వాక్యం చదివి ఎవరైనా ఏం చేయగలరు? ఇంగ్లిష్ నేర్చుకోవాలా? ఎక్కువ నవ్వాలా? నేను రాయాల్సింది ఇది: “పని మధ్యలో ఆగితే అదే రోజు టీమ్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి.” ఇది చేయగలిగే పని. చేశాడో లేదో చూసి చెప్పగలిగే పని.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం: అడగండి. ఎందుకంటే ఒకరికి సాయపడేది ఇంకొకరికి అడ్డం పడుతుంది. పొడుగాటి మెసేజ్ ఆటిజం ఉన్న ఒకరికి వరం అయితే, డిస్లెక్సియా ఉన్న ఇంకొకరికి శిక్ష. వాళ్ళకి వాయిస్ నోట్ హాయి. అదే నాలుగు నిమిషాల వాయిస్ నోట్ ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి పంపితే మధ్యలోనే మనసు వేరే చోటికి వెళ్ళిపోవచ్చు. అందుకే టీమ్‌లో చేరిన మొదటి రోజే అందర్నీ ఒకే ప్రశ్న అడగండి: “పని ఎలా చెప్తే నీకు సులువు? రాసిస్తేనా, కాల్‌లోనా, రెండూనా?” అందర్నీ అడిగితే ఎవరూ తమకున్న పరిస్థితి బయటపెట్టక్కర్లేదు.

“ఇంత సూటిగా చెప్తే దురుసుగా ఉండదా?” అని ఒక డౌట్ వస్తుంది. మనది మర్యాద ఎక్కువ ఉన్న భాష కదా. నిజమే. కానీ మన మర్యాద ‘అండి’లో ఉంది, ‘గారు’లో ఉంది, ‘దయచేసి’లో ఉంది. వాటిని ఎంతైనా వాడండి. తేదీని, పనిని దాచిపెట్టడం మాత్రం మర్యాద కాదు.

నా రెండో తప్పు: పేస్ట్ ఆపేసిన కోడ్

ఇప్పుడు కస్టమర్ల వైపు వద్దాం. ఇది ఇంకో ప్రాజెక్టులో జరిగింది. డబ్బు పంపే యాప్. కొత్త ఖాతా చేర్చేటప్పుడు అకౌంట్ నంబర్ రెండుసార్లు టైప్ చేయమంటుంది, మీరూ చూసే ఉంటారు. ఆ రెండు బాక్సుల్లోనూ పేస్ట్ పనిచేయకుండా ఆపే కోడ్ రాసింది నేనే. సెక్యూరిటీ అన్నారు, రాసేశాను. మూడుసార్లు తేడా వస్తే 24 గంటలు లాక్.

ఒక రోజు సపోర్ట్ టీమ్ దగ్గర్నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఒకావిడ రాశారు: “నాకు అంకెలు చదివేటప్పుడు తారుమారవుతాయి. చిన్నప్పట్నుంచి ఉంది. అందుకే ఎప్పుడూ కాపీ చేసి పేస్ట్ చేస్తాను. మీ యాప్‌లో కుదరట్లేదు. మూడుసార్లు తప్పు పడి లాక్ అయింది. అమ్మకి మందుల డబ్బులు ఈరోజే పంపాలి.”

ఆ టికెట్‌ని నేను “యాప్ సరిగ్గానే పనిచేస్తోంది” అని రాసి క్లోజ్ చేశాను. అవును, యాప్ సరిగ్గానే పనిచేసింది. ఆవిడే పంపలేకపోయారు.

అప్పుడు నాకు తెలియనిది ఏంటంటే, దీనికి ప్రపంచమంతా వాడే ప్రమాణాలున్నాయి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ 2021లో కాగ్నిటివ్, లెర్నింగ్ ఇబ్బందులున్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శక పత్రం ఇచ్చింది. 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో మనకి పనికొచ్చే నియమాలు మూడున్నాయి. ఒకటి, లాగిన్ అవ్వడం జ్ఞాపకశక్తి పరీక్షలా ఉండకూడదు. పేస్ట్ చేయనివ్వడం, పాస్‌వర్డ్ మేనేజర్‌ని పనిచేయనివ్వడం లాంటి దారి ఉండాలి. రెండు, ఒకే పనిలో ఒకసారి ఇచ్చిన వివరాన్ని కారణం లేకుండా మళ్ళీ టైప్ చేయించకూడదు. మూడు, సాయం కోసం ఇచ్చిన బటన్ ఒక పేజీలో పైన, ఇంకో పేజీలో కింద ఉండకూడదు. అన్ని పేజీల్లో ఒకే వరసలో కనిపించాలి.

టైమ్ విషయంలో ఇంకా పాత నియమం ఉంది, 2008 నుంచీ. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్ పెడితే, చాలా సందర్భాల్లో దాన్ని ఆపుకునే లేదా పొడిగించుకునే వీలు ఇవ్వాలి. కొన్ని మినహాయింపులున్నాయి. కానీ ఫారం నింపడానికి ఎర్ర రంగులో సెకన్లు పరిగెత్తించడం ఆ మినహాయింపుల్లోకి రాదు.

అసలు నేను రెండుసార్లు టైప్ చేయించింది తప్పు ఖాతాకి డబ్బు వెళ్ళకూడదనే కదా. దానికి ఇంకా మంచి దారి ఉంది. యూపీఐలో పంపేముందు అవతలివాళ్ళ పేరు కనిపిస్తుంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో కూడా అలా పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అంకెలు నాలుగేసి చొప్పున విడగొట్టి చూపించడం, పేస్ట్ చేయనివ్వడం, పేరు చూపించడం. ఈ మూడూ ఉంటే ఆవిడకి పని జరిగేది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన మీ నాన్నగారికీ జరిగేది.

కస్టమర్‌కి రాసే తెలుగు

కస్టమర్లకి వెళ్ళే మెసేజ్‌లు కూడా చూద్దాం. ఇలాంటివి మీకూ వచ్చే ఉంటాయి:

“మీ అభ్యర్థన పరిశీలనలో ఉన్నది. తదుపరి సమాచారం త్వరలో తెలియజేయబడును.”

ఎవరు పరిశీలిస్తున్నారు? త్వరలో అంటే ఎప్పుడు? ఈలోపు నేనేం చేయాలి? ఏమీ తెలీదు. దీన్నే ఇలా రాయొచ్చు:

“మీ రీఫండ్ రిక్వెస్ట్ మాకు అందింది. జులై 3 లోపు డబ్బు మీ ఖాతాలో పడుతుంది. పడకపోతే ఇదే చాట్‌లో ‘రీఫండ్’ అని పంపండి. ఇప్పుడు మీరు ఏమీ చేయక్కర్లేదు.”

ఆ ఆఖరి వాక్యం చిన్నదే కానీ చాలా పని చేస్తుంది. ఏదో మర్చిపోయానేమో అనే భయంతో యాప్ పదిసార్లు తెరిచి చూసేవాళ్ళకి అది ఊపిరి పీల్చుకోనిస్తుంది.

తెలుగులో డిస్లెక్సియా ఉన్నవాళ్ళ గురించి ఇంకాస్త ఆలోచించాలి. మన లిపిలో గుణింతపు గుర్తులు చాలావరకు పైన ఉంటాయి, ఒత్తు ఎక్కువగా కింద ఉంటుంది. లైన్ల మధ్య ఖాళీ లేకపోతే పై లైను ఒత్తు, కింది లైను గుడి కలిసిపోతాయి. అందుకే లైన్ల మధ్య చోటు వదలండి. రెండు అంచులూ సమానంగా ఉండేలా సాగదీయకుండా ఎడమ వైపుకి సర్దండి. ముఖ్యమైన సమాచారాన్ని ఫోటోగా మాత్రమే పెట్టకండి. చాలామంది ఫోన్‌తో చదివించుకుని వింటారు. ఫోటోలో ఉన్న అక్షరాలు చాలాసార్లు అలా వినిపించవు.

బ్రిటన్ హోమ్ ఆఫీస్ డిజైనర్లు 2016లో ఇలాంటి చేయదగినవి, చేయకూడనివి పోస్టర్లుగా వేశారు. ఆటిజం పోస్టర్‌లో ఉన్నవి ఎంత మామూలువంటే: సాదా భాష వాడండి, జాతీయాలతో చెప్పకండి, బటన్ మీద అది ఏం చేస్తుందో రాయండి. ‘ఇక్కడ నొక్కండి’ అని కాకుండా ‘ఫైల్ జత చేయండి’ అని.

ఇక ఫోన్. కస్టమర్ కేర్‌కి ఫోన్ ఒక్కటే దారిగా పెట్టకండి. అపరిచితులతో ఫోన్లో మాట్లాడటం చాలామంది ఆటిజం ఉన్నవాళ్ళకి ఎంత కష్టమంటే, వాళ్ళ డబ్బు వదులుకుంటారు కానీ కాల్ చేయరు. చాట్ ఉండాలి, మెయిల్ ఉండాలి. అలాగే చాట్ ఒక్కటే పెట్టి ఫోన్ తీసేయడం కూడా తప్పే, చదవడం కష్టమైనవాళ్ళుంటారు. రెండు దారులుండాలి, రెండిట్లోనూ పని పూర్తవ్వాలి. ఎదురుగా వచ్చే కస్టమర్ల విషయంలో 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్ట్‌లో మొదలైన పొద్దుతిరుగుడు పువ్వు ట్యాగ్ బాగా పాకింది. బయటికి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్ళు అది మెడలో వేసుకుంటే, సిబ్బంది ఏ ప్రశ్నలూ వేయకుండా కాస్త టైమ్ ఇస్తారు.

చట్టం ఏమంటోంది?

ఇదంతా దయ అనుకుంటున్నారేమో, కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. అందులో ఆటిజం ఉంది. డిస్లెక్సియా, డిస్కాల్క్యులియా, డిస్‌ప్రాక్సియా లాంటివి ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ అనే పేరు కింద ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. ఒక మనిషికి అవసరమైన, సంస్థకి మోయలేని భారం కాని సర్దుబాటు చేయకపోవడాన్ని ఈ చట్టం వివక్షగానే లెక్కేస్తుంది. పని రాసివ్వడం ఏ కంపెనీకి మోయలేని భారం చెప్పండి? కంపెనీలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలని కూడా అందులో ఉంది. మీ కంపెనీది ఉందో లేదో ఒకసారి వెతకండి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని. ఆ కేసు యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు కేవైసీ చేసుకోలేకపోవడం గురించి. కానీ యాప్‌లు రాసే మనందరికీ అది వర్తించే పాఠమే.

మీరే ఆ కుర్రాడి స్థానంలో ఉంటే

ఇది చూస్తున్నవాళ్ళలో కొందరు “ఇది నా గురించే” అనుకుంటూ ఉంటారు. మీకు ఆ అబ్బాయే చెప్పిన రెండు వాక్యాలిస్తాను. ఇప్పుడు కొత్త ఉద్యోగంలో అవే వాడుతున్నాడు. ఏ కండిషన్ పేరూ చెప్పక్కర్లేదు.

పని చెప్పినప్పుడు: “రాసి పంపిస్తారా? అలా అయితే నేను తప్పు లేకుండా చేయగలను.”

కాల్ అయ్యాక: “నాకు అర్థమైంది ఇది: ఒకటి, రెండు, మూడు. శుక్రవారం 5 లోపు. తప్పుంటే చెప్పండి.”

రెండోది పంపితే ఇంకో లాభం, రేపు మాట మారిస్తే మీ దగ్గర రాత ఉంటుంది.

ఆ పాత రివ్యూని నేను మార్చలేను. కంపెనీ రికార్డులో అది అలాగే ఉంటుంది. ఫోన్ చేసి సారీ చెప్పాను. “పర్లేదన్నా” అన్నాడు. నేను మళ్ళీ అలవాటుగా, “నిజంగా పర్లేదా, ఊరికే అంటున్నావా?” అని అడిగాను. “పర్లేదని కాదు. అప్పుడు చాలా బాధపడ్డాను. ఇప్పుడు కోపం లేదు” అన్నాడు. అంత స్పష్టంగా నాతో ఎవరూ మాట్లాడలేదేమో.

ఈ స్క్రిప్ట్ రికార్డ్ చేసేముందు వాడికే పంపించాను. ఒక్క చోట గుర్తు పెట్టి తిరిగి పంపాడు. చివర్లో నేను “ఇంటర్వ్యూల గురించి రెండో భాగం త్వరలో” అని రాశాను. పక్కన వాడి ప్రశ్న: “త్వరలో అంటే ఎప్పుడన్నా?”

రెండో భాగం జూన్ 14, శనివారం, సాయంత్రం 6 గంటలకి వస్తుంది. సుమారు 20 నిమిషాలు ఉంటుంది. అప్పటిదాకా ఒక్క పని చేయండి: ఈ వారం మీరు ఎవరికైనా పని చెప్తూ పంపిన ఆఖరి మూడు మెసేజ్‌లు తీసి, ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో అందులో ఉందో లేదో చూడండి.

చూడండి అంటే, లేకపోతే సరిచేసి మళ్ళీ పంపండి అని.